ఊరి సేవ మరిదిది, కాఫీలు తోడికోడలివి

ప్రతి ఊళ్ళోనూ అలాంటి మనిషి ఒకరుంటారు. మిక్సీ తిరగకపోయినా, టీవీలో బొమ్మ ఆగిపోయినా, సెల్లులో తెలుగు అక్షరాలకి బదులు డబ్బాలు కనిపించినా జనం ముందు ఆయన గుమ్మమే తొక్కుతారు. డిగ్రీ ఉందా, షాపుందా అని ఎవరూ అడగరు. డబ్బు పుచ్చుకోడు కాబట్టి బేరమూ ఉండదు. మీ ఊళ్ళోనూ ఉండే ఉంటాడు, ఒక్కసారి గుర్తు చేసుకోండి. అలాంటి వాళ్ళ గురించి పేపర్లలో అప్పుడప్పుడు రాస్తూనే ఉంటారు, ఫోటో కూడా వేస్తారు. వాళ్ళ ఇంట్లో ఇల్లాలి గురించి మాత్రం ఎవరూ రాయరు. మా ఊళ్ళో ఆ మనిషి సాక్షాత్తూ మా మరిది. ఆ ఇల్లాలు నా తోడికోడలు. అందుకని ఆ పని నేనే చేస్తున్నాను.

మాది కోనసీమ. పెరట్లో కొబ్బరి చెట్లు, వీధి చివర కాలవ. ఒకే ఆవరణలో రెండు ఇళ్ళు, మధ్యన నుయ్యి. మా మరిది డిప్లొమా చదివాడు, ఉద్యోగం నాలుగేళ్ళు చేసి వదిలేశాడు. కొబ్బరి దింపులూ, వరి చేనూ చూసుకుంటూ మిగిలిన కాలమంతా ఆ ఉత్తరపు గదిలోనే గడుపుతాడు. ఒకప్పుడు అది పురిటి గది. ఇప్పుడు అందులో తీగలూ, డబ్బాలూ, మూత తీసిన రేడియోలూ.

రేడియోతోనే మొదలైంది ఈ పిచ్చి. అప్పట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో ఏటా లైసెన్సు డబ్బు కట్టాలి, పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అంత విలువైన వస్తువుని పదో తరగతి కుర్రాడు విప్పి చాప మీద పరిస్తే మా అత్తగారికి ఎలా ఉంటుంది చెప్పండి! విజయవాడ కేంద్రం సంస్కృత పాఠం వినపడక మూడు రోజులు ఆవిడ మాట్లాడలేదట. నాలుగో రోజుకి రేడియో మోగింది. అయితే రెండు మరమేకులు మిగిలాయి, అవి ఇప్పటికీ పోపుల డబ్బా అడుగు అరలో ఉన్నాయి.

తరవాత కాకినాడలో చదివేటప్పుడు స్నేహితుడి దగ్గర స్పెక్ట్రమ్ అనే బుల్లి కంప్యూటరు చూశాడు. 1982లో ఇంగ్లండులో వచ్చిందది. తెర ఉండదు, మన టీవీకే తగిలించుకోవాలి. మీటలు రబ్బరువి. దాని జ్ఞాపకశక్తి మొత్తం 48 కిలోబైట్లు. ఇవాళ పొద్దున్నే మీ సెల్లులోకి వచ్చే పువ్వుల శుభోదయం బొమ్మ ఒక్కటే అంతకంటే ఎక్కువ చోటు తింటుంది! ప్రోగ్రాముల్ని మామూలు టేపు రికార్డరు క్యాసెట్లలో దాచుకునేవారు. వేడి నూనెలో తడి పిండి పడ్డట్టు చిటపటమని నాలుగైదు నిమిషాలు గోల చేస్తే గానీ ఒక ఆట లోపలికి వెళ్ళేది కాదు. సెలవులకి ఆ యంత్రాన్ని అరువు తెచ్చి, మా అత్తగారి విష్ణు సహస్రనామం క్యాసెట్టు మీద ఏదో ప్రోగ్రాము రికార్డు చేసేశాడు మా మరిది. ఆ గొడవ గురించి రాయడం మొదలుపెడితే ఈ పేజీలు చాలవు.

నాకు వాడి పిచ్చి మీద గౌరవం కలిగింది మాత్రం తుఫాను తరవాతే. 1996 నవంబరు 6 రాత్రి. కోనసీమ వాళ్ళెవరికీ ఆ తేదీ చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి చెట్లు లేవు, స్తంభాలు లేవు, ఫోన్లు లేవు. తణుకు దగ్గర మా పుట్టింటి వాళ్ళకి మేం బతికున్నామో లేదో అయిదు రోజులు తెలీలేదు. మా నాన్నగారు పడవెక్కి, నడిచి, నీళ్ళలో పడి వచ్చి నన్ను చూసి అరుగు మీద కూలబడిపోయారు. ఆ రోజు మా మరిది ఒక్క మాటే అన్నాడు. "తీగలు తెగితే మాట తెగిపోకూడదు వదినా" అని.

తరవాత కూర్చుని చదివి హామ్ రేడియో పరీక్ష రాశాడు. ఇది కేంద్ర ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు. పన్నెండేళ్ళు నిండిన వాళ్ళెవరైనా పరీక్ష పాసై తీసుకోవచ్చు. ఫోను తీగలూ, టవర్లూ అక్కర్లేకుండా, బ్యాటరీ ఉంటే చాలు, ఇంటి మీద కట్టిన తీగతో దూరదేశాల వాళ్ళతో కూడా మాట్లాడుకోవచ్చు. రాజీవ్ గాంధీకి ఇదే సరదా ఉండేదనీ, సోనియా గాంధీకి కూడా ఈ లైసెన్సు ఉందనీ ఎంతమందికి తెలుసు? ఇది మగవాళ్ళ ఆట అనుకునేరు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకి చెందిన భారతీ ప్రసాద్ గారు వేరే పని మీద అండమాన్ లోని పోర్టు బ్లెయిరులో ఉన్నారు. ఫోన్లు ఆగిపోయిన ఆ ద్వీపాల నుంచి క్షేమ సమాచారాల్ని బయటికి అందించింది ఆవిడ రేడియోయే. ఈ సంగతి మా మరిది చెప్పినప్పుడు మా తోడికోడలు వింటూ పనస పొట్టు కొడుతోంది. కత్తి ఆపి, "మరి నాకెందుకు నేర్పలేదు?" అంది. మరిది జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న మాత్రం ఆ ఇంట్లో ఉండిపోయింది.

కంప్యూటరొచ్చిన వేళ

1999లో కొబ్బరి దింపు డబ్బుతో కంప్యూటరు కొన్నాడు. తనకి గొలుసు చేయిస్తానన్న డబ్బని తోడికోడలు ఇప్పటికీ అంటుంది. దానికి పాత పట్టు చీరతో తొడుగు కుట్టింది కూడా తనే, అది వేరే సంగతి. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ తెరిచింది 1995 ఆగస్టు 15న. మా ఊరికి అది ఫోను తీగ మీద నత్తలా పాక్కుంటూ వచ్చింది. ఆయన ఇంటర్నెట్ లో ఉన్నంతసేపూ ఫోను ఎంగేజే. తోడికోడలి అమ్మగారు అవతల ప్రయత్నించీ ప్రయత్నించీ, "మీ ఆయన గంటలు గంటలు ఎవరితో మాట్లాడతాడే?" అని అనుమానపడ్డారు పాపం.

ఇంకో కష్టం తెలుగుతో. ఒక కంప్యూటరులో కొట్టిన తెలుగు ఇంకో దాంట్లో తెరిస్తే పిచ్చి గీతలు. ఒక్కో కంపెనీ అక్షరాలు ఒక్కో తీరుగా ఉండేవి మరి. యూనికోడ్ అనే పద్ధతిలో ప్రపంచంలోని ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఖాయం చేశారు. మన అ నంబరు 3077, ఆ నంబరు 3078. నంబరు ఒకటే కాబట్టి ఏ యంత్రమైనా దాన్ని అ అనే చూపిస్తుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి. లో తెలుగు అక్షరాల మూసకి గౌతమి అని పేరు పెట్టారు. గోదారి పాయ పేరు! ఆ రోజు మా మరిది వీధంతా పిలిచి చూపించాడు. తోడికోడలు మొట్టమొదట కంప్యూటరు మీద చెయ్యి పెట్టింది అప్పుడే. కొట్టింది ఆవకాయ కొలతలు.

పాల లెక్క

అసలు సంగతికొస్తాను. కంప్యూటరుకి ముద్రణ యంత్రం కూడా తోడయ్యాక ఊరు ఊరంతా ఆ గదికి దారి పట్టింది. పరీక్ష ఫలితాలు, స్కాలర్‌షిప్పు దరఖాస్తులు, గుడి కమిటీ జమాఖర్చులు, కాలవలు ఎప్పుడు కట్టేస్తారో చెప్పే నోటీసులు. 2015లో మీభూమి వచ్చాక ఇక చెప్పక్కర్లేదు. పొలం ఎవరి పేరున ఉందో చూపే 1-బి, ఎవరు సాగు చేస్తున్నారో చూపే అడంగల్, సర్వే నంబరు చెబితే తెర మీదే కనిపిస్తాయి. అంతకు ముందు వాటి కోసం చెప్పులరిగేలా తిరిగిన వాళ్ళకి అదొక విడ్డూరం. చూసుకోడానికి పొద్దున్న కాఫీ వేళ ఒకరు, మధ్యాహ్నం విస్తరి ముందు ఒకరు, రాత్రి పడకల వేళ ఒకరు వచ్చేవారు. పెద్దమనుషులొస్తే కాఫీ, కుర్రాళ్ళొస్తే జంతికలు. ఆ జంతికల జిడ్డు వేళ్ళతోనే మీటలు నొక్కడం. ఊరంతా మా మరిదిని మెచ్చుకుంటే ఆయన పొంగిపోయేవాడు. గ్లాసులు కడిగే మనిషిని ఎవరు మెచ్చుకున్నారు?

తోడికోడలు అరవలేదు, అలగలేదు. ఒక నెల పాటు గోడ క్యాలెండరు మీద గీతలు పెట్టింది, బయటివాళ్ళకిచ్చిన ప్రతి కాఫీకీ ఒక గీత. నెలాఖరున మొగుడి పక్కన కుర్చీ వేసుకుని, "ఆ గళ్ళ కాగితంలో లెక్కలు ఎలా కడతారో నాకూ చూపించండి" అంది. ఆయన సంబరపడి నేర్పాడు. తను పాలు, పొడి, పంచదార, గ్యాసు అన్నీ వేసింది. కూడిక దానంతటదే వచ్చింది. రోజుకి సగటున పదకొండు కాఫీలు! ఆ డబ్బుతో ఏడాదికి ఎంతవుతుందో ఒక్క మీట నొక్కితే నిలువు గీతల బొమ్మగా తెర మీదకొచ్చింది. ఆయనకి అర్థమయ్యే భాషలో చెప్పిందన్నమాట. మర్నాటి నుంచి ఆ గది వేళలు సాయంత్రం నాలుగు నుంచి ఆరు. తాగడానికి కుండలో నీళ్ళు, పక్కన గ్లాసు, ఎవరిది వాళ్ళే ముంచుకోవాలి. అంతే. ఊరేమీ గొడ్డుపోలేదు.

మనలో మాట, ఇంటి పెద్దమనిషి ఏ మంచి పని నెత్తిన వేసుకున్నా అందులో సగం బరువు వంటింట్లోనే దిగుతుంది. ఆ మంచి పని మానెయ్యమనక్కర్లేదు. బరువెంతో లెక్క కట్టి చూపించడం మాత్రం తప్పు కాదు.

అత్తయ్యగారి సెల్లు నంబరు

లెక్కలు నేర్చిన చెయ్యి అక్కడితో ఆగలేదు. ఆయన పొలంలో ఉన్న రోజున నాలుగింటికి వచ్చిన వాళ్ళ పని తోడికోడలే చెయ్యడం మొదలుపెట్టింది. చిత్రమేమిటంటే, తను కూర్చుంటోందని తెలిశాక అంతవరకూ రాని ఆడవాళ్ళు రావడం మొదలైంది.

మా వీధి చివర ఒక అత్తయ్యగారున్నారు. భర్త పోయారు. పిల్లలు దూరాన ఉన్నారు. బ్యాంకులో ఇద్దరి పేరా ఉన్న ఖాతా, ఎకరంన్నర పొలం, అన్నీ సక్రమమే. అయితే ఖాతాకీ, ఆవిడ ఆధార్ కీ కూడా ఇచ్చిన సెల్లు నంబరు మామయ్యగారిది. ఆయన పోయాక ఆ సెల్లుకి ఎవరూ డబ్బు కట్టలేదు. మూడు నెలలు పైగా వాడకుండా వదిలేస్తే ఆ నంబరు రద్దయిపోతుంది, కొన్నాళ్ళకి వేరే ఎవరికో ఇచ్చేస్తారు. అదే జరిగింది. ఇక ఏ దరఖాస్తు పెట్టినా అందులో కొట్టవలసిన ఓటీపీ ఎక్కడో ముక్కూ మొహం తెలీని మనిషికి వెళ్తోంది. ఆవిడ డబ్బు ఆవిడదే, ఆవిడ పొలం ఆవిడదే, తలుపు తాళం మాత్రం పరాయివాళ్ళ చేతిలో ఉన్నట్టు! ఈ సంగతి మా మరిదికి చెప్పుకోడానికి ఆవిడ మొహమాటపడి ఏడాది ఊరుకున్నారు. తోడికోడలికి ఒక్క సాయంత్రంలో చెప్పేశారు.

ముందు ఆవిడ పేరున కొత్త సిమ్ము తీసుకున్నారు. ఆధార్ కేంద్రానికి ఆవిణ్ణి వెంటబెట్టుకెళ్ళి వేలిముద్ర వేయించి నంబరు మార్పించారు. ఆ తరవాత పాసుపుస్తకం, ఆధార్, మరణ ధృవపత్రం పట్టుకుని బ్యాంకులో కాగితం రాసిచ్చారు. ఆఖరున పొలం 1-బి చూస్తే అందులో ఇంకా మామయ్యగారి పేరే. పేరు మార్పిడికి మరణ ధృవపత్రం, కుటుంబ సభ్యుల ధృవపత్రం జత చేసి దరఖాస్తు పెట్టారు. మొత్తం అయ్యేసరికి ఆరు నెలలు పట్టింది. ఆవిడ తెచ్చిన పుల్లట్ల పిండి గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉంది.

అప్పటి నుంచి మా తోడికోడలు ఎవరొచ్చినా మొదట అడిగేది "ఈ నంబరు ఎవరిదమ్మా?" అనే. ఆయనది, అబ్బాయిది, అల్లుడిది అని చెబుతారు. పొలం ఆవిడ పేరున ఉంటుంది, డ్వాక్రా ఖాతా ఆవిడ పేరున ఉంటుంది, నంబరు మాత్రం ఆవిడది కాదు. మన రాష్ట్రంలో ఆడపిల్లకి పిత్రార్జితంలో మగపిల్లాడితో సమాన హక్కు 1985 సెప్టెంబరు నుంచే ఉంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. కాగితం మీద వచ్చిన హక్కు సెల్లు నంబరు దగ్గర ఆగిపోతే ఎలా? మీరూ ఇవాళ సాయంత్రం మీ బ్యాంకు పాసుపుస్తకం, ఆధార్ తీసి చూడండి. ఏ నంబరు ఇచ్చారో గుర్తు లేకపోతే బ్యాంకులో అడిగితే చెబుతారు. మీ పేరున సిమ్ము లేకపోతే ముందు అది తీసుకోండి. ఆయన మీద నమ్మకం లేక కాదు సుమా. నమ్మకం ఉన్న ఇంట్లోనే అత్తయ్యగారికి ఈ చిక్కు వచ్చింది.

ఇంకో మంచి అలవాటు చూశాను తన దగ్గర. రహస్య సంఖ్య కొట్టవలసి వచ్చినప్పుడు లేచి కిటికీ వైపు తిరిగి నిలబడుతుంది. వచ్చినావిడ ఒక్కో అంకె వెతుక్కుని కొట్టుకునే దాకా ఇటు తిరగదు. "నాకు చెప్పేయమ్మా, నువ్వే కొట్టు" అని బతిమాలినా ఒప్పుకోదు. మొదట్లో విసుక్కున్న వాళ్ళే ఇప్పుడు బ్యాంకు యంత్రం దగ్గర కూడా ఎవరినీ సాయం అడగడం లేదు. ఆధార్ జిరాక్సు ఎవరికైనా ఇవ్వాలంటే దాని మీద అడ్డంగా ఏ పనికి, ఏ తేదీన అని రాసి మరీ ఇస్తుంది. ఊరివాళ్ళ కాగితాల నకళ్ళు ఏవీ కంప్యూటరులో రాత్రి ఉండనివ్వదు, సాయంత్రం ఆరింటికి చెరిపేయాల్సిందే. బ్యాంకు నుంచి అంటూ ఎవరైనా ఫోను చేసి సంఖ్య అడిగితే పెట్టెయ్యమంటుంది. పోలీసులమనీ, వీడియోలో అరెస్టు చేశామనీ బెదిరించే వాళ్ళు బయల్దేరారు. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలోనే 1930కి ఫోను చెయ్యాలి. ఆ నంబరు మా నూతి గట్టు మీద సుద్దతో రాసి ఉంటుంది, వాన కురిసినప్పుడల్లా మళ్ళీ రాస్తుంది.

ఆడవాళ్ళకి ఇవన్నీ ఎందుకు అనే పెద్దలకి ఒక సంగతి చెప్పాలి. 2002లోనే మా పుట్టింటి పశ్చిమ గోదావరి జిల్లాలో మండలాల్లో పెట్టిన గ్రామీణ ఈ-సేవ కేంద్రాల్ని నడపమని స్వయం సహాయక సంఘాల మహిళలకి అప్పగించారు. కరెంటు బిల్లులూ, ధృవపత్రాలూ ఆడవాళ్ళ చేతి మీదుగానే నడిచాయి. మీసేవ వచ్చింది 2011లో, గ్రామ సచివాలయాలు వచ్చింది 2019 అక్టోబరులో. 2025 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్ లో మన మిత్ర పేరుతో కొన్ని సేవలు వాట్సాప్ లోనే అందుతున్నాయి. ఆఫీసు మన చేతిలోని సెల్లులోకే వచ్చేస్తుంటే ఆ సెల్లు వాడడం మనకి రాకపోతే మళ్ళీ ఒకరి గుమ్మం ముందు నిలబడవలసిందే కదూ!

బల్లులు, పిడుగులు, వడియాలు

ఇంట్లో కంప్యూటరున్న వాళ్ళకి కొన్ని ఇంటి సంగతులు. మా ఊళ్ళో ఆ యంత్రాలకి పెద్ద శత్రువు బల్లి. వెచ్చదనం కోసం ఇన్వర్టరులోనూ, స్విచ్చి పెట్టెలోనూ దూరి రెండు తీగల మధ్య పడుకుంటుంది. అది పోతుంది, మన యంత్రమూ పోతుంది. ఖాళీ కన్నాలకి సన్న జాలీ వేయించండి, గాలి ఆడే కన్నాల్ని మాత్రం గుడ్డతో మూసెయ్యకండి. దుమ్ము దులపడానికి తడిగుడ్డ వద్దు. పెయింటు వేసే మెత్తటి కుంచె, అదీ ప్లగ్గు తీశాక. ఎర్తు గుంటలో బొగ్గూ ఉప్పూ వేసి వదిలేస్తారు, ఎండాకాలం అది ఎండిపోతుంది. గిన్నెలు కడిగిన నీళ్ళు అటు పారేలా మా తోడికోడలు చిన్న కాలవ తీసింది. ఉరిమితే స్విచ్చి కట్టడం చాలదు, ప్లగ్గూ ఇంటర్నెట్ తీగా రెండూ ఊడదీయాలి. పొలానికెళ్ళే వాళ్ళ కోసం పిడుగు హెచ్చరిక ఇచ్చే దామిని అనే సాధనం సెల్లులో వేసుకోవచ్చు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ తయారుచేసింది, ఉచితం.

వానల సంగతి ఎత్తాను కాబట్టి ఇదీ చెబుతాను. మచిలీపట్నంలో వాతావరణ శాఖ వారి రాడారు ఉంది. మబ్బులు ఎక్కడున్నాయో, ఎటు వస్తున్నాయో ఆ శాఖ వారి బొమ్మల్లో ఎవరైనా చూడవచ్చు. మా మరిది ధాన్యం కళ్ళంలో ఉన్నప్పుడు చూస్తాడు. మేమిద్దరం గుమ్మడి వడియాలు పెట్టే ముందు చూస్తాం. పోయిన వేసవిలో ఆయన వాన రాదన్నాడు, తోడికోడలు బొమ్మ చూసి వస్తుందంది. మధ్యాహ్నం మూడింటికి తన వడియాలు చాటల్లో లోపల ఉన్నాయి.

ఇప్పుడు తను కొత్త పనిలో పడింది. తెలుగు వికీపీడియా అని 2003 డిసెంబరులో మొదలైన విజ్ఞాన సర్వస్వం ఉంది కదా, అందులో ఎవరైనా రాయవచ్చు. చాలా ఊళ్ళకి అందులో పేజీలున్నాయి. మా ఊరి పేజీలో జనాభా, విస్తీర్ణం, పంటలు ఉన్నాయి గానీ పాత చెరువు మాట లేదు. దాని పేరు ఏమిటన్న దగ్గర మొగుడూ పెళ్ళాలకి వాదన. ఆయన కోమటి చెరువంటాడు, తను కాదు కొమ్మల చెరువంటుంది. అచ్చయిన ఆధారం లేనిదే అందులో రాయకూడదట. అందుకని వచ్చే మంగళవారం ఇద్దరూ పాత దస్తావేజులు వెతకడానికి అమలాపురం వెళ్తున్నారు. ఆ సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకూ గదిలో కూర్చోమని తాళంచెవి నాకిచ్చారు.